ఫ్యాన్ వినబడేదాకా

మా బావ కింది అంతస్తు పెద్దమనిషి ముక్కు పగలగొట్టిన మూడో రోజున కారు తీసుకుని నా షెడ్డుకి వచ్చాడు. ఆ పెద్దమనిషి చేసిన నేరం ఏమీ లేదు. "బాబూ, ఇంట్లో గుండెజబ్బు మనిషి ఉంది, కాస్త ఆ మోత తగ్గించుకో" అని లిఫ్టు దగ్గర అడిగాడు. బావ కారు తాళాలు గుప్పిట్లో పట్టుకునే గుద్దాడు. స్టేషన్లో చివరికి తేల్చింది ఏమిటంటే, ముక్కు సంగతి మీలో మీరు చూసుకోండి, కారు చప్పుడు మాత్రం పది రోజుల్లో తగ్గకపోతే బండి తెచ్చి మా ఆవరణలో పడేస్తాం అని. మనిషి ముక్కు కంటే కారు గొంతు పెద్ద సమస్య అయింది వాళ్ళకి. అప్పుడు నాకూ అందులో వింతేమీ కనిపించలేదు, నిజం చెప్పాలంటే.

నాది సైలెన్సర్ల పని. మా నాన్న చేశాడు, నేను చేస్తున్నాను. బావ కారు రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు. ఎవరో వాడి వదిలేసింది కొని, ఇంజనుకి టర్బో పెట్టించి, కంపెనీ సైలెన్సర్ పీకి పారేసి, ముందు నుంచి వెనకదాకా మూడంగుళాల తిన్నటి పైపు వేయించాడు. నా దగ్గర మాత్రం చేయించలేదు. "నువ్వు చేస్తే పిల్లి కూసినట్టు ఉంటుంది బామ్మర్దీ" అనేవాడు నలుగురిలో. నేను పళ్ళికిలించేవాణ్ణి. అక్క మొగుడు కదా మరి.

"నీ కోరిక తీరింది. నొక్కెయ్ దీని గొంతు" అన్నాడు ఆ రోజు, తాళాలు నా బల్ల మీదికి విసిరి. వాటి పళ్ళలో ఇంకా ఎండిన నెత్తురు ఉంది. నేను దాన్ని కిరోసిన్ గుడ్డతో తుడిచి కొక్కేనికి తగిలించాను. ఇంకెవరి నెత్తురైనా అయితే నాలుగు మాటలు అనేవాణ్ణేమో. ఆ వేళ నా బుర్రలో ఉన్నది పైపు ఒక్కటే.

మా షెడ్డు గురించి ఒక మాట చెప్పాలి. మధ్యలో దూలానికి ఒక పాత ఫ్యాన్ వేలాడుతుంటుంది. దాని ఒక రెక్క వంగి, తిరిగినప్పుడల్లా టిక్కు టిక్కుమంటుంది. నాన్న చప్పుడు కొలిచే మీటర్లని నమ్మేవాడు కాదు. బండి స్టార్ట్ చేసి, గొట్టం పక్కన కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఇంజన్ నడుస్తుండగా ఫ్యాన్ టిక్కు వినబడితే పని అయినట్టు. వినబడకపోతే మళ్ళీ విప్పడమే. నేను ఇరవై రెండేళ్ళుగా అలాగే చేస్తున్నాను, ఆ రెక్కని సరిచేయనివ్వను కూడా.

పని మొదలుపెట్టిన రోజు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఆ బండి మరీ అంత తగ్గించకురా."

"ఎందుకక్కా? ఆ సంగీతానికి అలవాటుపడ్డావా?"

"అలవాటైంది. కొంచెం ఉంచు. సగం చెయ్యి చాలు."

"సగం పని మన ఇంటావంటా లేదు" అని పెద్దగా నవ్వాను. ఆమె నవ్వలేదు. ఫోన్ పెట్టేసింది.

నాకేమీ తెలియదని చెప్పను. మండుటెండలో నిండు చేతుల జాకెట్టు ఎందుకు వేసుకుంటుందో తెలుసు. ఏడాదికి రెండుసార్లు బాత్రూంలోనే ఎందుకు జారుతుందో తెలుసు. తెలియనట్టు ఉండటం సులువు, మర్యాదగా కూడా ఉంటుంది. ఆమె చెప్పదు, నేను అడగను, బావ వస్తే అక్కా, ఆమె కూతురు చిట్టీ, నేనూ లేచి నిలబడతాం. నా మొహం మండ, పైపులో వెంట్రుకంత పగులుంటే పది అడుగుల దూరం నుంచి విని చెప్పేవాణ్ణి, మా అక్క గొంతులో వణుకు వినలేదు.

నాలుగు రోజులు ఒళ్ళు దాచుకోకుండా చేశాను. ఇంజను వెనకాల ఒక చిన్న డబ్బా, మధ్యలో ఇంకొకటి, చివర రెండు గదుల పెద్ద సైలెన్సర్. లోపల చిల్లుల గొట్టం చుట్టూ గాజునూలు దట్టంగా కూరాను. వేళ్ళ సందుల్లో ఆ నూలు గుచ్చుకుని రెండు వారాలు దురద పుట్టింది. ఇంత చేసినా ఒక వేగం దగ్గర లోపల కూర్చున్నవాడి చెవిలో గూమ్మని మోగుతుంది, అది మొండిది. దానికి మందు ఒక్కటే, ఒక కొస మూసేసిన పైపు ముక్కని పక్కన అతికించడం. సరైన పొడవుకి కోస్తే ఆ గూమ్మనేది అందులో దూరి అక్కడే చస్తుంది. మూడు ముక్కలు కోసి పారేశాక నాలుగోది కుదిరింది. స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను. టిక్కు. టిక్కు. గర్వంతో నా ఛాతీ చొక్కా గుండీలు తెంపుకునేంత ఉబ్బింది.

బావ మొదట మొహం ముడిచాడు. "ముసలోడి ఆవులింతలా ఉందేంట్రా" అన్నాడు. రెండు రోజులయ్యాక ఆయనే ఫోన్ చేసి, "భలే చేశావు బామ్మర్దీ. గేటు దగ్గర వాచ్‌మన్ తలెత్తలేదు. తలుపు తీసేదాకా మీ అక్కకి తెలియలేదు. ఎవరేం చేస్తున్నారో ఇప్పుడు తెలుస్తోంది" అన్నాడు. నేను థాంక్స్ బావా అన్నాను. థాంక్స్ అన్నాను నేను.

కారు ఇచ్చిన ఐదో రోజు పదకొండు గంటలకి అక్క ఫోన్. నేను లారీ కింద పడుకుని ఉన్నాను. ఆమె గొంతు తగ్గించి గబగబా మాట్లాడింది.

"నువ్వేం చేశావో నీకు తెలుసా? సగం చెయ్యమని చెప్పానా లేదా?"

"ఏమైందక్కా?"

"ఆ బండి పెట్రోలు బంకు మలుపు తిరిగితే నాకు వినబడేదిరా. అక్కణ్ణించి రెండు స్పీడ్ బ్రేకర్లు, ఒక సిగ్నలు. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో చిట్టిని పై అంతస్తు టీచరుగారి దగ్గరికి తరిమేసేదాన్ని. ఫోన్లో నంబర్లు తుడిచేసేదాన్ని. కాయితాలు పిండి డబ్బాలో దాచేసేదాన్ని. ఏ మొహంతో కనబడితే గొడవ ఉండదో ఆ మొహం పెట్టుకునేదాన్ని. ఇప్పుడు పొద్దున్నించి తలుపు వైపు చూస్తూ కూర్చుంటున్నాను. నాకు..."

"ఏం కాయితాలక్కా?"

"నా సర్టిఫికెట్లు. నేను వెళ్ళిపోతున్నానురా. నాతో చదువుకున్న నర్సు ఉంది కదా, వాళ్ళ ఊళ్ళో గది చూసి..."

కారు చప్పుడు రాలేదు. తలుపు చప్పుడు కూడా రాలేదు. ఫోన్‌కి బాగా దగ్గరగా, మెత్తగా, బావ గొంతు వినబడింది. "ఎవరితో?"

మొదటి దెబ్బ ఏమిటో నాకు అర్థం కాలేదు. తడిబట్ట బండకేసి కొట్టినట్టు వినిపించింది. రెండోది అర్థమైంది. ఫోన్ కింద పడింది గానీ ఆగిపోలేదు. కుర్చీ ఒరిగింది, గాజు పగిలింది, అక్క ఒక్కసారి "పాప ఉంది" అంది. ఆ తర్వాత ఎముక చప్పుడు. ఎముక విరిగితే ఎలా ఉంటుందో ఎప్పుడూ వినలేదు నేను, అయినా అదేనని తెలిసింది. లారీ కింద నుంచి లేవబోయి నా నుదురు యాక్సిలుకి కొట్టుకుంది. నెత్తురు కళ్ళలోకి కారుతుండగానే స్కూటర్ తీశాను.

మా షెడ్డుకీ వాళ్ళ అపార్టుమెంటుకీ మధ్య పెద్ద ఖాళీ మైదానం. కేకేస్తే వినబడేంత దగ్గర, కానీ కాలవ అడ్డం ఉండటంతో బండి మీద చుట్టూ తిరిగి రావాలి. వెళ్ళేసరికి ఎర్ర కారు గేటు లోపల బుద్ధిమంతురాలిలా నిలబడి ఉంది. బావ గుమ్మంలో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. "జారి పడింది. మీ అక్క సంగతి నీకు తెలిసిందే కదా" అన్నాడు. అక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కింది దవడ పక్కకి జరిగి, ఎవరో వేరే మనిషిలా ఉంది. ఎడమ మణికట్టు ఉండాల్సిన వైపు లేదు.

మంచం కింద చిట్టి. తొమ్మిదేళ్ళ పిల్ల, రెండు చెవులూ మూసుకుని ఉంది. చేతులు తీయించాక నన్ను ఒకటే అడిగింది.

"మామయ్యా, కారు పాడైపోయిందా? అరవలేదు."

ఆ మాటకి ఆ పిల్ల పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. మొగుడు కొట్టిన అక్క నన్ను చూసి కళ్ళతోనే, లే, ముందు లే అంది.

ఆసుపత్రిలో దవడకి తీగలు కట్టారు. నేను స్టేషన్‌కి వెళ్ళాను. "ఆమె వచ్చి చెప్పాలి కదయ్యా" అన్నారు. దవడకి తీగలున్నాయండీ అన్నాను. "తీగలు విప్పాక చెప్పమను" అన్నాడు రాసుకునే ఆయన. ఈలోగా బావ చిట్టిని ఇంటికి తీసుకుపోయాడు. పిల్ల అక్కడుంటే తల్లి ఎక్కడికీ పోదని ఆయనకి తెలుసు. మేమంతా తెలివితక్కువ వాళ్ళం గానీ బావ కాదు.

నేను షెడ్డుకి వెళ్ళి జాకీ రాడ్డు తీసుకుని స్కూటర్‌కి కట్టుకుని మళ్ళీ ఆసుపత్రికి వచ్చాను, ఆమెకి చెప్పి వెళ్దామని. ఎందుకు చెప్పడం అంటే ఏమో, చిన్నప్పటి నుంచీ ఏ వెధవపని చేసినా ఆమెకి చెప్పే చేశాను. అక్క మందుల చీటీ తిప్పి, మంచి చేత్తో రాసింది. "కొట్టకు. నువ్వు జైలుకి, నేను మళ్ళీ ఆ ఇంటికి. నాకు వాడెక్కడున్నాడో తెలిస్తే చాలు. ఒక్క గంట."

ఇంకో చీటీ అడిగి ఇంకా రాసింది. "మోత ఉంటే తెలిసేది."

చిట్టి కోసం ఆసుపత్రి నుంచి తిరిగి వెళ్ళి, మూడు వారాలు ఆమె ఆ ఇంట్లోనే ఉంది. గంజీ పాలూ స్ట్రాతో తాగుతూ, తలుపు వైపు చూస్తూ. నేను రోజూ బావతో నవ్వుతూ మాట్లాడాను. అది నా జన్మలో చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైంది.

మా పక్క షాపు టైర్లాయన ఉన్నాడు, అందరూ గాలి పెద్దాయన అంటాం. టైర్లలో కొట్టేది సగం, మాటల్లో కొట్టేది సగం. నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషికి నేను మొత్తం చెప్పాను, ఎందుకంటే ఆయనకి వ్యాన్ ఉంది. ఆయన విని, జీవితంలో మొదటిసారి ఏమీ మాట్లాడకుండా వ్యాన్ టైర్లలో గాలి చూసుకున్నాడు.

అనుకున్నది ఇది. శనివారం పది గంటలకి బావ కారు నా షెడ్డులో ఉంటుంది. సైలెన్సర్ విప్పి ఇంజను రేపుతాను. ఆ మోత మైదానం దాటి అక్క బాల్కనీలోకి వెళ్తుంది. మోత ఉన్నంతసేపూ బావ నా దగ్గరే ఉన్నట్టు. అప్పుడు ఆమె పిండి డబ్బా బోర్లించి, బట్టలు సర్దుకుని, చిట్టిని తీసుకుని, మెట్ల మీదుగా దిగి వ్యాన్ ఎక్కుతుంది. మోత ఆగితే ఎక్కడున్నదక్కడ ఆగి, వెనక్కి వెళ్ళి, సంచీ విప్పేస్తుంది. వ్యాన్ వాళ్ళని రైలెక్కించి తిరిగొచ్చేదాకా నేను ఆపకూడదు. ఇంకోసారి దొరికితే ఆమె బతకదు. అది ఆమే రాసింది, ఏ అలంకారం లేకుండా, చీటీ మీద.

"కొత్త సైలెన్సర్ కదా బావా, ఒకసారి బిగింపులు చూడాలి. లేకపోతే వదులై గలగలమంటుంది" అని ఫోన్ చేశాను. వచ్చాడు. కొత్త చొక్కా, సెంటు వాసన. కారుని రివర్సులో లోపలికి పెట్టించాను, గొట్టం మైదానం వైపుకి ఉండేలా. ఆ వైపు గోడ లేదు, కిందినుంచి పైదాకా ఇనప గ్రిల్. వెనక చక్రాలు గాల్లోకి లేపి స్టాండ్ల మీద నిలబెట్టాను. రోడ్డు వైపు షట్టర్ దించి లోపల తాళం వేశాను.

"తాళం ఎందుకురా?"

"సైలెన్సర్ విప్పి టెస్టు చెయ్యాలి బావా. ఈ మోత రోడ్డు మీద వినిపిస్తే మళ్ళీ స్టేషనే."

తలాడించాడు. నేను కారు వెనక్కి వంగి, తాళంచెవి కుడి బూటులో అరికాలి కింద పెట్టుకున్నాను. బోల్టులు విప్పి, నాలుగు రోజులు నా ప్రాణం పెట్టి కట్టిన సైలెన్సర్‌ని లాగి అవతల పడేశాను. మధ్య డబ్బాలు గ్రైండర్‌తో కోశాను. నిప్పురవ్వలు బావ చొక్కా మీద పడితే తిట్టాడు. తర్వాత సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాను.

రేకు కప్పు వణికింది. బల్ల మీద స్పానర్లు నడిచాయి. బావ మొహం పండగలా వెలిగింది! "ఇదీ, ఇదిరా బండంటే! లే, లే, నన్ను నొక్కనీ" అని నన్ను లేపి తనే కూర్చుని యాక్సిలేటర్ తొక్కాడు. ఇరవై నిమిషాలు ఆపకుండా. అక్కడ అక్క పిండి బోర్లిస్తోందని నాకు తెలుసు, ఆయనే ఆమెకి దారి చూపుతున్నాడు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. తల పక్కకి తిప్పుకుని నవ్వాను.

ఆయన చాలనుకుని దిగాడు. "ఇంక కట్టెయ్" అని సైగ చేశాడు. నేను ఇంకొంచెం చూడాలి బావా అని సైగ చేసి సీట్లోకి దూరాను, తొక్కి పట్టాను. ఆయన గ్రిల్ పక్కకి వెళ్ళి జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాడు. మోతలో మోగింది వినలేదు, ఎన్నిసార్లు మోగిందో. మెసేజ్ కూడా ఉన్నట్టుంది. వాచ్‌మన్ పంపాడని తర్వాత తెలిసింది, మేడమ్‌గారు పాపతో సంచీతో వ్యాన్ ఎక్కారు సార్ అని. చదివాడు. మళ్ళీ చదివాడు. తలెత్తి నా వైపు చూశాడు, వెలుగంతా పోయింది ఆ మొహంలోంచి.

నేను రెండు తలుపులూ లాక్ చేశాను.

అద్దం దగ్గరికి వచ్చి అరిచాడు. ఒక్క ముక్క వినబడలేదు. నోటి ఆకారం చూస్తే తాళం, తాళం అంటున్నాడు. షట్టర్ దగ్గరికి పరిగెత్తి తన్నాడు, తిరిగొచ్చాడు. బల్ల కింద ఉన్న జాకీ రాడ్డు తీశాడు. మూడు వారాల క్రితం నేను స్కూటర్‌కి కట్టుకున్నదే.

ముందు అద్దం మొదటి దెబ్బకి సాలెగూడయింది. ఈ కారు మీద దుమ్ము పడితే చొక్కాతో తుడిచే మనిషి. రెండో దెబ్బ నా పక్క అద్దానికి. గాజుముక్కలు నా ఒళ్ళో, నోట్లో పడ్డాయి. రాడ్డు లోపలికి దూరి నా భుజం ఎముక మీద దిగింది, మళ్ళీ అక్కడే దిగింది. ఎడమచేత్తో పట్టుకోబోతే రెండు వేళ్ళు తలుపుకీ రాడ్డుకీ మధ్య నలిగి విరిగాయి. నా జుట్టు పట్టుకుని తల స్టీరింగ్‌కేసి కొట్టాడు. ముక్కు పగిలింది. కింది అంతస్తు పెద్దమనిషి గుర్తొచ్చాడు, ఆయనకీ ఇలాగే ఉండి ఉంటుందని. కళ్ళు చీకట్లు కమ్మాయి గానీ నా కాలు మాత్రం తొక్కే ఉంది. తాళంచెవి అరికాల్లో గుచ్చుకుంటోంది. అది కావాలంటే నా కాలు ఎత్తాలి, ఎత్తితే మోత ఆగుతుంది. ఆ ఒక్కటే ఆలోచన ఉంది నా తలలో, మిగతా అంతా ఎర్రగా ఉంది.

ఇంజను వేడి ముల్లు పైకి పాకుతోంది. ఇంకాసేపైతే బండే చస్తుంది. నాకంటే ముందు చావకమ్మా అని దాన్ని బతిమాలుకున్నాను.

ఆయన పైకి లేచి రాడ్డు రెండు చేతులా ఎత్తాడు, ఈసారి తలకే. అప్పుడు నేను లాక్ తీసి తలుపుని భుజంతో బలంగా తోశాను. తలుపు అంచు ఆయన మోకాలికి తగిలింది. కారు స్టాండ్ల మీద ఊగింది. ఆయన వెనక్కి తూలి, కారు పక్కగా పాకుతున్నట్టు పడి, పట్టు కోసం చెయ్యి చాపి దొరికిందాన్ని పట్టుకున్నాడు. దొరికింది కోసిన పైపు. ముప్పావుగంట మండిన పైపు. అరిచే ఉంటాడు. తెరుచుకున్న నోరు వెనక చూసుకునే అద్దంలో కనిపించింది, చప్పుడు లేదు. అరిచేవాళ్ళ చప్పుడు నాలుగు గోడల్లో ఎలా ఆగిపోతుందో అప్పుడు కళ్ళారా చూశాను. తప్పని తెలిసే చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది. జాలి రాలేదు, ఈరోజుకీ రాలేదు.

చెయ్యి విడిపించుకునేసరికి అరచేతి చర్మం పైపుకే ఉండిపోయింది. ఆయన పనిముట్ల పెట్టె పక్కన ముడుచుకుని, ఆ చేతిని పొట్టకి అదుముకుని కూర్చున్నాడు. లేస్తాడేమోనని నేను చూస్తూనే తొక్కాను. ఒక కన్ను మూసుకుపోయింది. ఎంతసేపో తెలియదు. ముల్లు ఎర్ర గీత దాటింది, బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది.

గ్రిల్ అవతల మైదానంలోంచి గాలి పెద్దాయన నడిచి వచ్చాడు. లోపల చూసి ఆయన మొహం పాలిపోయింది. నోరు తెరిచి ఏదో అనబోయి, వినబడదని తెలిసి, చెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు చూపించాడు. ఇద్దరూ రైలెక్కారు.

నేను కాలు ఎత్తాను. తాళం తిప్పాను. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది.

కాసేపు చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. బావ పెదాలు కదులుతున్నాయి, ఏం చేశావురా అంటున్నాడనుకుంటాను. గాలి పెద్దాయన గ్రిల్ పట్టుకుని ఏదో అడుగుతున్నాడు. నేను సీట్లోనే, నాన్నలాగా కళ్ళు మూసుకుని ఉన్నాను. హోరు మెల్లగా పల్చబడింది. దాని వెనకాల నుంచి, చాలా దూరం నుంచి వచ్చినట్టు, నా తల మీద టిక్కు. మళ్ళీ టిక్కు.

బూటు విప్పాను. తాళంచెవి నెత్తురుతో అరికాలికి అతుక్కుపోయి ఉంది. పీకి ఆయన ముందు పడేశాను.

"ఇంటికెళ్ళు బావా" అన్నాను. "నువ్వు వచ్చే చప్పుడు వినాల్సినవాళ్ళు ఇప్పుడక్కడ ఎవరూ లేరు."

ఆయన ఆ తాళంచెవి వైపు చూస్తూ కూర్చున్నాడు. తీసుకోవడానికి మంచి చెయ్యి చాపి, వంగలేక, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.